కొలత దిమ్మె మీది గడ్డి

రైలు అనే మాట ఎవరన్నా నా ముందు ఎత్తితే నా నోరు ఆగదు. ధాత ఏటి కరువులో మొదలుపెట్టినారు ఆ మాట. నెల్లూరు నించి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి కొండ కింది దాకా రైలు వేస్తారంట. ఆత్మకూరులో ఎక్కి కూర్చుంటే కాలికి దుమ్ము అంటకుండా ఉదయగిరిలో దిగొచ్చంట. ఆ మాట చెప్పి, పూటకింత గంజి పోసి, నిలబడే ఓపిక కూడా లేని జనం చేత మట్టి మోయించి కట్ట పోయించినారు. వానలు పడినాయి. గంజి ఆపేసినారు, పనీ ఆపేసినారు. ఇప్పుడు ఆ కట్ట మీద మేకలు తిరుగుతుంటాయి. థూ, వాళ్ళ రైలు మొహాన పేడ కొట్ట!

నా పేరు మాల్యాద్రి. మాది చేజర్ల, మట్టి పని చేసుకొని బతికేవాళ్ళం. మా అక్క హన్నమ్మ, మా బావ శీనయ్య కరువులోనే పాదిరి దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. నేను తీసుకోలేదు. అందుకని అక్క నన్ను ఎగతాళి చేస్తాది, నేను అక్కని చేస్తాను. ముగ్గురం ఆ కట్ట మీదే పనిచేసినాం. నేను తవ్వి తట్ట నింపేవాణ్ణి, బావ మోసేవాడు. నిండిన తట్ట ఎవడికి వాడు నెత్తికెత్తుకోలేడు గదా, ఇంకొకడు చెయ్యి వెయ్యాల్సిందే. బావకి ఉబ్బసం. నా పక్కన వంగి నిలబడి, పిల్లికూతల నడుమ "ఎత్తు బామ్మర్దీ" అనేవాడు.

నాకు జ్వరం వచ్చి పడుకున్న రోజున అక్క నా దగ్గర ఉండిపోయింది, బావ ఒక్కడే పనికి పోయినాడు. మళ్ళా రాలేదు. మేస్త్రీ చెంచురామయ్యని అడిగితే, చెన్నపట్నం పోయి, సముద్రం దాటే వాడ ఎక్కినాడన్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి చెన్నపట్నం దాకా నడిచిపోయినాడంట! అక్క నమ్మలేదు. ఆ రోజు నించి ఆమెకి ఒకటే కోరిక. బావ యాడ చచ్చి పడి ఉన్నా సరే, తెచ్చి పాదిరి సమాధుల తోటలో ప్రార్థన చేయించి పూడ్చుకోవాల.

పోయిన చలికాలంలో ఒకరోజు పొద్దున గంజి తాగుతుంటే చెంచురామయ్య బండి వాకిట్లో ఆగింది. కరువులో ఊరంతా ఎండిపోతే ఆయన ఒక్కడికే బొజ్జ వచ్చినాది. ఆ బొజ్జ చూస్తేనే నాకు అసహ్యం.

"రైలు పని మళ్ళా కదిలిందమ్మా హన్నమ్మా," అన్నాడు. "రేపు పొద్దున దొర వస్తాడు, గుంటలు కొలవడానికి. వానలకి దిమ్మెలు కుంగిపోయినాయి. కొలత తగ్గితే దొంగ పని అని అంతా మూసేస్తాడు. మీరిద్దరూ వచ్చి పెద్ద దిమ్మెని కొంచెం లేపితే చాలు."

దిమ్మె సంగతి చెప్పాల. మట్టి తీసే గుంట నడుమ ఒక దిమ్మెని తవ్వకుండా వదిలిపెడతారు. దాని నెత్తిన పాత నేల గడ్డి అట్నే ఉండాల. గుంట అడుగు నించి ఆ గడ్డి దాకా కొలిచి, ఇంత లోతు తవ్వినారని దొర కూలి రాస్తాడు. దాంట్లో ఒక దొంగతనం ఉండాది, మట్టి పనోళ్ళందరికీ తెలుసు. గడ్డిని పెళ్ళగా కోసి పక్కన పెట్టి, కింద మట్టి వేసి దిమ్మెని పెంచి, గడ్డిని మళ్ళా నెత్తిన కూర్చోబెట్టేది. నీళ్ళు చల్లితే అతుక్కుంటాది. తవ్వని మట్టికి కూలి వస్తాది.

అక్క ఆయన్ని నిలబెట్టి అడిగింది. "మా ఆయన్ని యాడ పూడ్చినారో చెప్తానంటే వస్తా."

"పని అయినాక మాట్లాడుకుందాం లేమ్మా," అన్నాడు.

వాడ ఎక్కినాడని అనలేదు ఈసారి. అక్క నా మొహం చూసింది. గంజి ముంత బోర్లించి, ఇద్దరం బండెక్కినాం.

ఆత్మకూరు దాటి ఉదయగిరి దోవలో ఆ గుంట దగ్గరికి చేరేసరికి పొద్దు కొండల వెనక్కి దిగుతుండాది. గుంట అడుగున వాననీళ్ళు నల్లగా నిలిచిపోయినాయి. నీళ్ళ మీద నూనె లాంటి తెట్టె. కప్పలు కూడా అరవడం లేదు. చచ్చిన పీనుగ వాసన కాదు అది... పీనుగని కడిగిన నీళ్ళు ఎండలో కాగితే వస్తాదే, అట్లాంటి తీపి వాసన. నోట్లో ఎంగిలి ఊరింది, మింగలేక ఉమ్మేసినాను.

"ఏంది మేస్త్రీ ఈ కంపు?"

"నక్క ఏదో చచ్చి ఉంటాదిలే. గడ్డి కోసి, పైపైన మట్టి వెయ్యండి. లోతుకి పోవద్దు," అని పంచె కొంగు ముక్కుకి కట్టుకొని, పోయి కట్ట మీద చతికిలబడినాడు.

అక్క దిమ్మె ఎక్కి గడ్డి పెళ్ళ లేపింది. తట్ట నిండితే వచ్చి మోసుకుపోతానంది. నేను ఎడంగా, గుంట మూలన తవ్వి తట్టలు నింపుతా ఉన్నాను. మట్టి పారకి జిడ్డుగా అంటుకుంటుండాది, ఎంత దులిపినా రాదు. చీకటి పడింది. మనిషి మనిషికి కనపడడం లేదు. అయినా పాపిష్టి అలవాటు ఒకటుంటాది గదా. తట్ట నిండితే పక్కన తల వంగుతాది, ఎత్తుతాను. అడుగులు పోతాయి. కాసేపటికి ఖాళీ తట్ట వచ్చి నా కాళ్ళ దగ్గర పడతాది. మళ్ళా నింపుతాను. చాలాసేపు అట్నే జరిగింది. అక్కకి ఇంత ఓపిక యాడిదా అనుకున్నాను.

అప్పుడు దిమ్మె మీద నించి అక్క గొంతు. "ఒరే మాల్యాద్రీ, నిద్రపోయినావా ఏంది? ఇంతసేపటికి ఒక్క తట్ట కూడా ఇయ్యలేదే!"

నా చేతుల్లో తట్ట ఉండాది. తట్ట కింద తల ఉండాది.

తల కదల్లేదు. ఎత్తేదాకా ఆగినట్టు వంగే ఉండాది. చేత్తో తడిమినాను. చుట్టకుదురు. చీర అంచు మెలేసి అల్లింది... అక్క తన పెళ్ళి చీర చించి బావకి అల్లిచ్చినట్టే. దాని పక్కన వెంట్రుకలు తగిలినాయి. తడిగా... చల్లగా... వేళ్ళు వెనక్కి తీసుకుంటే వేళ్ళతో పాటే ఊడి వచ్చేసినాయి.

పిల్లికూత వినపడింది.

"ఎత్తు... బామ్మర్దీ..."

తట్ట వదిలేసినాను. అది కింద పడిన చప్పుడు రాలేదు. అడుగులు పోయినాయి... దిమ్మె వైపు కాదు... కట్ట వైపు.

కట్ట మీద నించి చెంచురామయ్య పెద్దగా అరిచినాడు. "ఎవుర్రా అది? నా మీద పోస్తారేంది మట్టి! కునుకు తీస్తే పూడ్చేస్తార్రా నన్ను!"

అక్కా నేనూ కట్టెక్కినాం. చెంచురామయ్య నడుము దాకా నల్లమట్టిలో ఉండాడు. చేతులు పట్టుకొని లాగినాను. జిడ్డు. జారిపోతుండాయి. చుట్టూ చీకట్లో అడుగులు... ఒకరివి కావు. ఎవరి మొహమూ లేదు. తట్టలు బోర్లించే చప్పుడు మాత్రం... ధప్... ధప్...

అక్క లాగలేదు. ఆయన ముందర కూర్చుంది. మెల్లగా అడిగింది. "యాడ పెట్టినావు మా ఆయన్ని?"

"నేను చంపలేదమ్మా! చచ్చినోళ్ళనే పెట్టినా... గంజి కాడ రోజూ చస్తుంటే యాడికని మోసేది... కొలత తగ్గిందని పైవాళ్ళు పీక్కుతింటుంటే... మనిషిని అడ్డంగా పడుకోబెట్టి పైన గడ్డి కప్పితే, దిమ్మె జానెడు లేస్తాది..."

 ఆయన మొహం మీద ఉమ్మేసినాను. మనిషి పుట్టుక పుట్టి, ఆకలికి చచ్చినోణ్ణి కొలతకి అడ్డంగా పెట్టడమా!

"మా ఆయన్ని పెట్టేటప్పుడు," అంది అక్క, "ఊపిరి ఉండిందా?"

ధప్... మట్టి ఆయన రొమ్ముదాకా వచ్చినాది.

"చెప్పు."

"పిల్లికూతలు... కొంచెం ఉండినాయి... ఎట్లా అయినా తెల్లారేసరికి పోయేవాడే తల్లీ..."

అక్క ఏడవలేదు. లేచి చీకట్లోకి చెయ్యి చాపి, "ఏమయ్యా..." అనింది. గుడిసెలో పిలిచినట్టే పిలిచింది. పిల్లికూత ఆమె మొహం దగ్గరికి వచ్చినాది. ఇంక నాకు ధైర్యం చాల్లేదు. అక్కని నడుం పట్టి ఈడ్చుకొని పరిగెత్తినాను. వెనక చెంచురామయ్య అరుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. నోట్లో మట్టి పడితే ఎట్లా ఆగిపోతాదో అట్లా.

మేకలోళ్ళ మంట దగ్గర కూర్చొని ఉండి, తెల్లవారినాక తిరిగి వచ్చినాం. కట్ట మీద పిడికెడు కొత్త మట్టి లేదు. చెంచురామయ్య లేడు. ఎద్దులు బండి దగ్గరే నెమరేస్తుండాయి. దిమ్మె నెత్తిన గడ్డి పెళ్ళ కూర్చొని ఉండాది. అక్క కోసి పక్కన పెట్టిన పెళ్ళే... పార గాటు లేదు, అతుకు లేదు. గడ్డి మీద మంచు పడి ఉండాది.

దొర గుర్రమెక్కి వచ్చినాడు. సెంటు పూసిన గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకొని, గొడ్డు ఏదన్నా చచ్చిందా అని అడిగించినాడు. దిమ్మె కొలిపించినాడు. పాత కొలతకి తగ్గలేదు సరికదా, జానెడు ఎక్కువే వచ్చింది. శెభాష్ అని తల ఊపినాడు.

అక్క ఆయన కాళ్ళ మీద పడింది. "నా మొగుడు దాని కింద ఉండాడు దొరా. తవ్వుకోనీ. నాకు రైలొద్దు, కూలొద్దు. నా మనిషిని నాకియ్యి."

బంట్రోతు ఏదో దొర చెవిలో చెప్పి, దొర చెప్పింది మాకు చెప్పినాడు. "రైలు పని మొదలయ్యేదాకా ఈ దిమ్మెని ఎవరూ ముట్టకూడదు. ముడితే కొలత పోతాది. కాపలా పెడతాం."

"ఎప్పుడు మొదలవుతాది సామీ?"

"పైకి రాసినారు. జవాబు రావాల."

రాసినారంట! మనిషిని బతికుండంగా పూడ్చడానికి ఏ జవాబూ అక్కర్లేకపోయింది. తవ్వడానికి మాత్రం దొరల సీమ నించి జవాబు రావాల. ఎండాకాలం వచ్చినాది. జవాబు రాలేదు. ఇంక రాదు కూడా. రైలు పేరు చెప్పి మా బావ మీద గడ్డి కప్పినారు, ఆ రైలు రాలేదని గడ్డి తీయనియ్యరు.

అక్క చేజర్లకి రావడం మానేసింది. గుంట పక్కనే గుడిసె వేసుకుంది. పాదిరి వచ్చి చెప్పినా వినలేదు. రోజూ దిమ్మెకి చెవి ఆనించి కూర్చుంటాది. కాపలావాడు ముట్టనియ్యడు గానీ, చెవి ఆనిస్తే ఏమనడు.

మొన్న జొన్నలు తీసుకొని పోయినాను. చుట్టుపక్కల పచ్చ పరక లేదు, అంతా మాడిపోయి ఉండాది. దిమ్మె నెత్తిన గడ్డి ఒక్కటే పచ్చగా నిగనిగలాడుతుండాది. దాన్ని మేకలు కూడా ముట్టడం లేదు.

"మీ బావ ఇంకా ఊపిరి పీలుస్తుండాడ్రా," అనింది అక్క. ఆమె మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది. "నేను చెప్తే నీకు పిచ్చిమాటలాగుంటాది. నువ్వే విను."

చెవి ఆనించినాను. మట్టి వెచ్చగా ఉండాది. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత ఎవరో వంగి నిలబడినట్టు, చాలా దగ్గరగా... నా చెవికి అవతలే...

"ఎత్తు బామ్మర్దీ."

వెనక్కి పడినాను. అక్క నా భుజం పట్టుకొని ఆత్రంగా అడిగింది. "విన్నావు గదా? ఆయనే గదా?"

"ఆయనే అక్కా," అన్నాను.

ఆ గొంతులో పిల్లికూత లేదు. అది చెంచురామయ్య గొంతు.