కండోలెన్స్‌కి మరాఠీ అర్థం

అందరూ ఆమెన్ చెప్పి మైకులు ఆపుకున్నాక, కొండల్ రావు శౌరిని ఒక్కడినే జూమ్‌లో పక్క గదిలోకి లాగాడు.

ఐర్లండ్ తెలుగు క్రైస్తవుల శుక్రవారం ప్రార్థనలో కొండల్ రావు లండన్ నుంచి పాల్గొనే భక్తుడు. పక్క గదిలో మాత్రం గూఢచారి ఏజెన్సీలో శౌరికి పై అధికారి. శౌరి ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో, ముసలివాళ్ళుండే ఒక నర్సింగ్ హోమ్‌లో వాళ్ళను చూసుకునే కేరర్. అది అతని కవర్. కోవిడ్ వచ్చాక ఆ కవరే అసలు ఉద్యోగమై కూర్చుంది. డబుల్ షిఫ్టులతో నడుము విరిగి, మాస్కు తాళ్ళకు చెవుల వెనక పుండ్లు పడి, దేశభక్తి అన్నా ఆవలింతే వచ్చే స్థితిలో ఉన్నాడు.

"నిఖిల మిస్సింగ్," అన్నాడు కొండల్ రావు. "లిమరిక్‌ల రీసెర్చ్ చేస్తది. ఊపిరి చూసి కోవిడ్ చెప్పే మెషీన్ గా పిల్లదే. డిజైన్ మొత్తం దాని తలకాయల్నే ఉన్నది. ఫారిన్ రింగ్ ఎత్కపోయింది. రేపు పొద్దుగాల షానన్ ఎయిర్‌పోర్ట్‌ల ప్రైవేట్ జెట్ ఎక్కిస్తరు. ఎక్కిందంటే ఇగ దొర్కదు."

"ఎలా తెలిసింది సార్?"

"డిక్షనరీల."

ఆ రింగ్ ఫోన్లను నమ్మదు. పరీక్షలకు చదివే పిల్లలు చూసే ఇంగ్లీషు-మరాఠీ డిక్షనరీ వెబ్‌సైట్ ఒకటి పెట్టుకుంది. పైన ఇంగ్లీషు మాట, దాని కింద మరాఠీ అర్థం, ఆ కింద ఆ మాటను వాడి చూపించే వాక్యం. ఆర్డర్లన్నీ ఆ వాక్యంలోనే వస్తాయి. ఇవాళ్టి మాట కండోలెన్స్. అర్థం సాంత్వన్. వాక్యానికి తెలుగు చేస్తే, ఏటి వంతెన దాటేవరకే సాంత్వన.

"వంతెన అవతల వాళ్ల గన్‌మెన్ ఉంటరు. దాటకముందే బండి ఆపాలె. ఏ బండో జయశ్రీ చూపిస్తది. ఆ పేజీ రాసేది ఆమెనే, మన డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్, వాన ఇంకా పడుతోందా."

"సార్, ఈ దేశంలో ఆ మాట అందరూ అడుగుతారండీ."

"అడ్జస్ట్ చేస్కో," అని కొండల్ రావు మాయమయ్యాడు.

మర్నాడు పొద్దున నైట్ షిఫ్టు దిగిన శౌరి తిన్నగా వంతెన దగ్గరి పల్లెకు చేరి, వంతెన పక్కనే ఉన్న పోస్టాఫీసు ముందు నిలబడ్డాడు. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటి తిరగకూడని లాక్‌డౌన్ రోజులు. దారిలో గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఆపితే కేరర్ కార్డు చూపించాడు. మారువేషం శ్రమ మాత్రం తప్పింది. దేశం దేశమే మాస్కులో ఉంటే వేషం ఎవరిక్కావాలి?

వాన ఇంకా పడుతోందా అని అప్పటికే ఇద్దరు ముసలాళ్ళు అడిగి వెళ్ళారు. మూడోసారి అడిగింది ఎర్ర కోటు వేసుకున్న జయశ్రీ. షోలాపూర్ తెలుగమ్మాయి, బడి చదువంతా మరాఠీలో. మాస్కు పైన కనబడే రెండు కళ్ళతోనే రెండు దేశాలను ఆడించగలదని ఏజెన్సీలో పేరు.

"తెల్ల ఆక్సిజన్ వ్యాన్ వస్తుంది," అందామె. "నిఖిల దాంట్లోనే ఉంది. మీ పిస్తోలు తెచ్చారా?"

శౌరి చూపించింది జ్వరం చూసే థర్మామీటర్ గన్. మొదటి మీట నొక్కితే జ్వరం చెబుతుంది. రెండోది నొక్కితే ఎదుటి బండి ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది. ఒక్కసారే. మళ్ళీ చార్జి ఎక్కాలంటే పూటంతా పడుతుంది.

"ఒక్క దెబ్బేనా?"

"ఒక్కటేనమ్మా. గురి తప్పితే ఆ పిల్ల సంగతి అంతే."

కాసేపటికి పక్క సందులోంచి ఒక శవవాహనం బయటికొచ్చి వంతెన వైపు తిరిగింది. అద్దంలోంచి శవపేటిక, దాని మీద కోవిడ్ స్టిక్కర్ కనబడుతున్నాయి. దాని వెనకే, మెయిన్ రోడ్డు మీద తెల్ల వ్యాన్.

శౌరి అలవాటుగా సిలువ గుర్తు వేసుకున్నాడు. జయశ్రీ కూడా తల వంచింది.

"పాపం, దాన్ని పోనివ్వండి. వెనక వ్యాన్ చూడండి," అంది.

శౌరి వ్యాన్ వైపు గన్ ఎత్తాడు. అంతలో వెనక తలుపు చప్పుడైంది. పోస్టాఫీసు, అందులోనే రొట్టెల కొట్టు నడిపే బ్రైడీ, చేతులకు పిండితో గుమ్మంలోకి పరుగున వచ్చింది.

"ఎవరు నాయనా పోయింది? ఆ సందులో ఉన్నది మూడిళ్ళు. ముగ్గురూ పొద్దున రొట్టె కొనుక్కెళ్ళారే!"

శౌరి రోడ్డు పొడవునా చూశాడు. ఏ గేటు దగ్గరా మనిషి లేడు.

ఆ చలికాలమంతా అతను చూసింది వేరు. అంత్యక్రియలకు చర్చిలోకి పదిమందినే రానిచ్చేవారు కాబట్టి మిగతా ఊరంతా శవవాహనం వెళ్ళే రోడ్డు పక్కన బారులు తీరేది. పిల్లలు, ముసలాళ్ళు, ట్రాక్టర్లు దిగిన రైతులు, మాటా పలుకూ లేకుండా వానలో తడుస్తూ నిలబడేవారు. తన చేత్తో అన్నం తినిపించిన పెద్దవాళ్ళు వెళ్ళిపోతుంటే అతనూ అలాగే నిలబడ్డాడు, ఒకరి తర్వాత ఒకరికి. ఇక్కడ కండోలెన్స్ అంటే అదే. రింగ్ వాళ్ళు అర్థం సరిగ్గానే రాసుకున్నారు గాని, ఈ నేల మీద దాని వాడుక ఎవరూ వాళ్ళకు చెప్పలేదు.

శవవాహనం ముందు చక్రాలు వంతెన ఎక్కాయి. శౌరి గన్ తిప్పి రెండో మీట నొక్కాడు.

ఇంజన్ ఆగింది. తెల్ల వ్యాన్ పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయింది. దాని డ్రైవరు ఇక్కడి పల్లెటూరి మర్యాద ప్రకారం స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరించాడు కూడా.

జయశ్రీ హ్యాండ్‌బాగ్‌లోంచి శానిటైజర్ బాటిల్ తీసి శౌరి మొహం మీద కొట్టబోయింది. అది శానిటైజర్ కాదు, యాసిడ్. కాని షిఫ్టు దిగి మొహం కూడా కడుక్కోని శౌరి నెత్తిమీద ఫేస్ షీల్డ్ ఇంకా అలాగే ఉంది. దాన్ని చటుక్కున కిందికి లాక్కుని, మంచం మీంచి జారిపోయే రోగిని పట్టుకున్నట్టు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"రెండు పక్కలా పనిచేసి అలసిపోయాను శౌరిగారూ," అందామె, గింజుకోవడం మానేసి.

"నేను ఒక్క పక్కనే చేసి అలసిపోయానమ్మా," అని జేబులోంచి బేడీ తీసి ఆమె చేతిని వంతెన కమ్మీకి తగిలించాడు.

శవవాహనం డ్రైవరు పిస్తోలుతో దిగాడు. దిగినవాడు అక్కడే కొయ్యబారిపోయాడు. దారిలో శవం ఆగిపోయిందని బ్రైడీ కేక వేసింది కాబోలు, ఊళ్ళోవాళ్ళంతా గేట్ల దగ్గరికి వచ్చేశారు. టోపీలు తీసి, చేతులు కట్టుకుని, అతన్నే చూస్తున్నారు. అంతమంది ముందు కాల్చలేక గోడ దూకి పారిపోయాడు. నడుము దాకా బురదలో కూరుకుపోయినవాణ్ణి తర్వాత గార్డ్స్ తాడేసి లాగారు. అవతలి గన్‌మెన్ జనాన్ని చూసి ముందే జారుకున్నారు.

శౌరి శవపేటిక మరలు ఒక్కొక్కటే తిప్పి ఊడదీశాడు. ఏడాదిగా అతను చూసినవన్నీ మూతలు వేయడాలే. ఒక్క మూత తెరవడం ఇదే. లోపల ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో నిఖిల మత్తులో పడుకుని ఉంది. మెడ మీద వేళ్ళు పెట్టాడు. నాడి కొట్టుకుంటోంది. బుగ్గలు తట్టగా తట్టగా కళ్ళు తెరిచి, మెల్లగా లేచి కూర్చుంది.

"అంకుల్... దగ్గరికి రాకండి. నాకు మాస్క్ లేదు," అంది.

శౌరికి ఏడుపు ఆగలేదు. షీల్డ్ మసకబారిపోయింది. లోపల కళ్ళు తుడుచుకోను కూడా వీల్లేదు.

సంతాపానికి నిలబడ్డ ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. చివరికి బ్రైడీ గొంతు సవరించుకుంది.

"ఇంట్లోకి పిలవడానికి రూల్స్ ఒప్పుకోవు. టీ ఇక్కడికే తెస్తాను. చక్కెర వేసుకుంటుందేమో అడుగు నాయనా."