మూత వదులు చేసిన చెయ్యి

నోట్లో దూది కుక్కాక గానీ పెద్దాయన అసలు సంగతి చెప్పలేదు.

పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు ఏజెంట్ పాదరసం. ఒక్కచోట కుదురుగా ఉండలేడని గూఢచార శాఖ వాళ్ళు పెట్టిన పేరది. ఆ కుర్చీలో కూడా రెండు కాళ్ళూ ఊపుతూనే ఉన్నాడు. పైన తెల్లకోటు, మాస్కు వేసుకుని వంగి చూస్తున్నది పెద్దాయన, శాఖకి అధిపతి. ఆయన అసలు మొహం చూసినవాళ్ళు శాఖ మొత్తంలో ముగ్గురో నలుగురో. ఆ క్లినిక్కు మొదలెట్టాక ఇంతవరకూ ఒక్క పన్ను పీకిన పాపాన పోలేదు.

"నొప్పి పై దవడా, కింది దవడా?" అని అంతకుముందే అడిగాడాయన.

"రెండూ కాదు. జ్ఞానదంతం."

కోడ్ సరిపోయింది. తలుపు గడియ పడింది. ఆ తర్వాతే దూది.

పెద్దాయన దీపం మీట నొక్కాడు. అది దీపం కాదు, ప్రొజెక్టర్. సీలింగు మీద రేవులోని ఒక ఉక్కు స్తంభం కనిపించింది. నీటి మట్టం కింద జల్లెడలా చిల్లులు పడి ఉంది.

"తుప్పనుకున్నారు. కాదు. బాక్టీరియా. సముద్రం అడుగున బురదలో, గాలి సోకని చోట బతికే జీవి. ఏళ్ళు పట్టే పనిని ఈ రకం నెలల్లో చేసేస్తోంది. మన మెరైన్ ల్యాబ్‌లో ఒకావిడ దీన్ని సీసాల్లో పెంచుతోంది, విరుగుడు కోసం. 'లంగరు' ముఠా వాళ్ళకి విరుగుడు అక్కర్లేదు, పురుగే కావాలి. తమకి గిట్టని దేశం రేవులో పోస్తారు. రేవు కూలుతుంది. ఎవరు చేశారో దేవుడికి కూడా తెలీదు. ఈ సాయంత్రం బయల్దేరే ఓడలో సరుకు పోతోందని నెమలి కబురు."

నెమలి శాఖ పెట్టిన డబుల్ ఏజెంట్. లంగరు ముఠాలో పనిచేస్తున్నట్టు నటిస్తూ శాఖకి వార్తలు మోసే మనిషి. ఆమె మాట శాఖలో శిలాశాసనం.

"అమ్ముతున్నది ఎవరో కూడా నెమలే పట్టుకుంది. చూడు."

సీలింగు మీద బొమ్మ మారింది. బ్యాటరీతో నడిచే ల్యాబ్ కెమెరా తీసిన వీడియో. కోటు వేసుకున్న ఒక పొట్టి మనిషి అటూ ఇటూ చూసి, ఒక సీసా తీసి నడుం దగ్గర దోపుకుని, కోటు గుండీలు పెట్టేసుకుంది.

పాదరసం కాళ్ళు ఆగిపోయాయి.

"మ్మ్మ్!"

"అందుకే దూది పెట్టాను. మీ పిన్నే. నాకు తెలుసు."

"మ్మ్మ్మ్!"

"అరవకు, చిగుళ్ళు నొప్పెడతాయి. అరెస్టు వ్యాన్ సాయంత్రం వెళ్తుంది. ఆవిడ తలుపు నీకు తప్ప ఎవరికీ తియ్యదు. ఈలోపు ఆమె తప్పు చెయ్యలేదని రుజువు తెచ్చుకో. లేదా సీసా పట్టుకురా, నీ చేత్తోనే."

వీధిలోకొచ్చి పాదరసం దూది ఉమ్మేశాడు. వాడికి ఊహ తెలిసేసరికే తల్లి లేదు. పిన్ని పెళ్ళి మానేసి, ఒక చేత్తో వాణ్ణీ ఇంకో చేత్తో బురదనీ పెంచింది. వాడు చదువుకున్న బల్ల మీద సగం మేర సీసాలే ఉండేవి. ఆ మనిషి దేశాన్ని అమ్ముతుందా? అమ్మదని గుండె చెబుతోంది. మరి ఆ సీసా నడుంలో ఎందుకు దోపిందో గుండెకి తెలీదు.

ల్యాబ్‌కి ఇంక్యుబేటర్ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. నీలం చొక్కా, టూల్ బాక్సు, ఇంతింత మీసం. చొక్కా జేబులో పెన్ను. దాని క్లిప్ నొక్కితే మత్తు సూది దూసుకెళ్తుంది. మెట్లు రెండేసి ఎక్కి వెళ్తుంటే కారిడార్‌లో ఒకావిడ ఎదురైంది. మెడలో దళసరి పట్టు స్కార్ఫ్, ఆమెతో పాటే కదిలే మంచి సువాసన. వేరే దేశం నుంచి వచ్చిన సాయిల్ మైక్రోబయాలజిస్టు. ల్యాబంతా ఆమెని స్కార్ఫ్ మేడమ్ అంటారు.

"మెకానిక్ గారూ, వానొచ్చేలా ఉందా?" అంది.

"నెమలికే తెలియాలి."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వి దగ్గరికొచ్చింది. "మీ పిన్నిగారి విషయంలో నాకూ బాధగానే ఉంది. ఏం చేస్తాం, డ్యూటీ. మీరు కంగారు పడకండి, సాయంత్రానికి అంతా అయిపోతుంది."

ఆమె వెళ్ళాక కూడా సువాసన కాసేపు నిలిచింది. పిన్ని గది తలుపు తియ్యగానే అది కాస్తా ఎగిరిపోయి, కుళ్ళిన గుడ్ల వాసన ముక్కు అదరగొట్టింది. ఆ బురద జీవులు వదిలే గాలి అది. చిన్నప్పుడు వాడికి ఇంటి వాసనంటే అదే.

పిన్ని మోకాళ్ళ దాకా బురదతో, బకెట్టు దించుతూ తల తిప్పి చూసింది.

"ఆ మీసం ఏంట్రా?"

"మెకానిక్‌నండి, ఇంక్యుబేటర్—"

"నీ మొహం. ఊడొస్తోంది, ఎడమ పక్క. ఫ్రిజ్‌లు అమ్మేవాడివి, రిపేర్లు కూడా మొదలెట్టావా? కూర్చో. కాళ్ళు ఊపకు, సీసాలున్నాయ్."

శాఖ నేర్పిన ఇంటరాగేషన్ పద్ధతులన్నీ వాడికి కంఠతా వచ్చు. పిన్ని ముందు ఒక్కటీ నోటికి రాలేదు.

"పిన్నీ, మొన్న సాయంత్రం సీసా నడుంలో ఎందుకు దోపుకున్నావ్?"

ఆవిడ తెల్లబోయి చూసింది. "నీకెవరు చెప్పార్రా?"

"ముందు చెప్పు. బతిమాలుతున్నా."

"కరెంటు పోయింది కాబట్టి. ఇంక్యుబేటర్ చల్లబడితే ఇవి ఎదగవు. మనిషి ఒంటి వేడి ఏ కరెంటూ ఆపలేదు. మంచి సీసా ఒకటి తీసి ఇంటికి పట్టుకెళ్ళి, నడుంకి కట్టుకుని పడుకున్నా. బయటికి తీసుకెళ్ళకూడదని రూలుంది, తెలుసు. రూలు పెట్టినవాళ్ళు వచ్చి పొదుగుతారా వీటిని? కారకూడదని రబ్బరు బిరడా పెట్టి, తీగ చుట్టా. పొద్దున్నే తెచ్చి స్థానంలో పెట్టేశా. కావాలంటే చూసుకో."

విసురుగా ఇంక్యుబేటర్ తలుపు తెరిచింది. తెరిచి అలాగే నిలబడిపోయింది.

లోపల స్టాండులో సీసాలన్నీ గులాబీ రంగులో ముద్దుగా ఉన్నాయి.

"బావున్నాయి కదా?" అన్నాడు పాదరసం.

"నోర్ముయ్," అంది పిన్ని. "చచ్చిపోయాయిరా. గాలి దూరితే తెలియాలని ఇందులో రంగు కలుపుతాం. గాలి లేనంతసేపూ రంగు కనపడదు. గులాబీ అయిందంటే గాలి తగిలినట్టే. వీటికి గాలే విషం."

ఒక్కో మూతా వేలితో ముట్టుకుంది. అన్నీ వదులుగా ఉన్నాయి. అన్నీ సరిగ్గా అర చుట్టు వెనక్కి తిరిగి ఉన్నాయి. తీగ చుట్టిన సీసా మాత్రం అసలు లేదు.

పిన్ని స్టూలు మీద కూలబడింది. కానీ కళ్ళు మూతల మీదే ఉన్నాయి.

"ఇది మట్టివాళ్ళ చెయ్యి," అంది మెల్లిగా.

"అంటే?"

"నేల మీది మట్టిలో బతికే వాటికి గాలి కావాలి. అందుకని మట్టి మీద పనిచేసేవాళ్ళు మూత బిగించి, వెంటనే అర చుట్టు వదులు చేస్తారు. ఆలోచించి చెయ్యరు, చెయ్యి దానంతటదే తిరిగిపోతుంది. మేం బురదవాళ్ళం అంచుదాకా నింపి ప్రాణం పెట్టి బిగిస్తాం. ఎవరో ఒక్కో సీసా మూతా తీసి, ఏది బాగా ఎదిగిందో చూసుకుని, అలవాటుగా వదులు చేసి పోయారు. చివరికి దొరికింది తీగ చుట్టింది. దాన్ని తియ్యకుండానే పట్టుకుపోయినట్టున్నారు. నల్లగా, అన్నిటికంటే చిక్కగా ఉండేది అదే. ఈ బురద పురుగుకి మట్టిలో ఏదో జీవి విరుగుడు అవుతుందని నా అనుమానం. అందుకే మట్టి తెలిసిన మనిషిని పిలిపించా. ఈ బిల్డింగులో మట్టి చెయ్యి ఒక్కటే ఉందిరా."

స్కార్ఫ్ మేడమ్. నెమలి.

పాదరసం కాలు గాలిన పిల్లిలా గదిలో రెండు చుట్లు తిరిగి, చొక్కా గుండీలో ఉన్న మైకులో పెద్దాయన్ని పిలిచాడు.

"సార్, నెమలే దొంగ. పిన్ని మీద చెప్పింది మనల్ని పక్కదారి పట్టించడానికి. మూతలన్నీ అర చుట్టు—"

"మూతలా?" అన్నాడు పెద్దాయన. "మూతలు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తాయా? నువ్వు మేనల్లుడివి, నీ మాట..."

"మేనల్లుణ్ణి కాదు సార్, అక్క కొడుకుని."

"ఏదైతేనేం! వ్యాన్ బయల్దేరింది. సీసా కళ్ళతో చూపించు, అప్పుడు మాట్లాడు."

పిన్ని అప్పటికే తాళంచెవులు తీసింది. "మైకులో మాట్లాడే ఫ్రిజ్ సేల్స్‌మన్‌ని ఇప్పుడే చూస్తున్నా. నీ సంగతి తర్వాత తేలుస్తా. పద, రేవుకి."

ల్యాబ్ వ్యాన్ పిన్నే నడిపింది. వెనకాల ఖాళీ బకెట్లు దడదడలాడుతున్నాయి. ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టడం వాడు ఒక్కసారీ చూడలేదు. వెనక ఎక్కడో సైరన్ మొదలైంది.

"అది నీకోసమే పిన్నీ, అరెస్టు చెయ్యడానికి."

"రానీ. రేవు దాకా తోడొస్తారు."

ఓడ మెట్లు ఇంకా ఎత్తలేదు. దాని మీద ఎగురుతున్నది వేరే దేశపు జెండా. ఆ డెక్కు మీద అడుగుపడితే ఎవరి వారెంటూ పనిచెయ్యదు. సగం మెట్ల మీద గాలికి ఎగురుతూ పట్టు స్కార్ఫ్ కనిపించింది.

పాదరసం పరిగెత్తుతూనే పెన్ను తీసి గురిచూసి నొక్కాడు. మత్తు సూది వెళ్ళి స్కార్ఫ్ మడతల్లో ఇరుక్కుంది. ఆమె వెనక్కి తిరిగి, సూది పీకి సముద్రంలో పారేసింది. "పట్టు మంచిదైతే ఇదీ లాభం," అంది. రెండో చేతిలో అప్పటికే పిస్తోలు ఉంది.

వాడు ఆగలేదు. ఆగడం చేతనైతే వాడికి ఆ పేరెందుకు? ఆమె మీద పడి హ్యాండ్‌బ్యాగ్ లాగాడు. బ్యాగు జారి నీళ్ళలో పడింది. అందులోంచి సీసా మాత్రం ఇద్దరి చేతుల్లోకి వచ్చింది. ఆమె చేతిలో అడుగు, వీడి చేతిలో మెడ. లోపల నల్లటి ద్రవం. పిస్తోలు వీడి డొక్కలో గుచ్చుకుంటోంది.

పైనుంచి ఇద్దరు నావికులు దిగుతున్నారు. మెట్లు కదలడం మొదలైంది.

"వదిలెయ్," అంది ఆమె. "లాగలేవు, కాలుస్తా. మూత తీస్తావా? తియ్యి చూద్దాం. లోకంలో బతికున్న సీసా ఇదొక్కటే. మీ పిన్ని జీవితం మొత్తం నీ బొటనవేలు కింద ఉంది."

నిజమే. వాడి బొటనవేలు తీగ మీదే ఉంది. ప్రాణం పోతుందన్న భయం కంటే ఆ వేలు కదపాలన్న భయమే ఎక్కువైంది. కుదురు తెలియని మనిషి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బొమ్మలా బిగుసుకుపోయి, కింద గట్టు మీద నిలబడ్డ పిన్ని వైపు చూశాడు.

ఆవిడ బురద కాళ్ళతో పరిగెత్తుకొచ్చి ఆగింది. పిస్తోలు చూసింది. సీసా చూసింది. తర్వాత వాణ్ణి చూసింది. ఎక్కువసేపు పట్టలేదు.

"తియ్యరా!" అని అరిచింది. "మూత తియ్యి! ఊపు! నువ్వు ముందురా నాకు, తియ్యి!"

తీగ తెగింది. బిరడా ఎగిరింది. గుడ్ల కంపు ఇద్దరి మొహాలకీ తగిలింది. పాదరసం ఆమె చేతితో సహా సీసాని పట్టుకుని ఊపాడు, పిచ్చి పట్టినవాడిలా ఊపాడు. నల్లటిదంతా మాసిపోతూ, మెడ దగ్గర మొదలైన గులాబీ రంగు కిందికి దిగి అడుగుదాకా నిండింది.

స్కార్ఫ్ మేడమ్ ఆ రంగు వైపు చూస్తూ ఉండిపోయింది. ఎంతైనా సైంటిస్టు, అర్థమైపోయింది. ఖాళీ చేతులతో ఓడెక్కితే లంగరు ముఠా ఏం చేస్తుందో కూడా అర్థమైనట్టుంది. పిస్తోలు దించేసింది. నావికులు గిరుక్కున వెనక్కి తిరిగి పైకి పోయారు. వెనకే వచ్చిన అరెస్టు వ్యాన్ వాళ్ళు పిన్ని కోసం తెచ్చిన బేడీలు స్కార్ఫ్ మేడమ్‌కి సరిగ్గా సరిపోయాయి. క్లినిక్‌లో ఉక్కు స్తంభం బొమ్మ చూపించినంత తాపీగా పెద్దాయన అంతా మైకులో విన్నాడు, చివర్లో మాత్రం గొంతు సవరించుకున్నాడు.

పిన్ని గట్టు మీద కూర్చుని ఏడ్చింది. దాచుకోలేదు, కళ్ళు కూడా తుడుచుకోలేదు. పాదరసం సీసా చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"క్షమించు పిన్నీ."

"నువ్వెందుకురా? తియ్యమంది నేను." ముక్కు చీదింది. "పదకొండేళ్ళు వెతికితే దొరికిందిరా ఆ రకం. మళ్ళీ దొరుకుతుందో లేదో. ఆ పక్క బురదలో ఎక్కడో ఉండాలి, స్తంభాలు తింటూనే ఉంది కదా. దొరక్కపోతే విరుగుడూ లేదు, రేవూ ఉండదు."

మైకులో పెద్దాయన అందుకున్నాడు. "పాదరసం, మీ పిన్నిగారికి శాఖ తరఫున నా క్షమాపణలు చెప్పు. ఆవిడకి ఏం కావాలన్నా ఇస్తామను."

పిన్ని వాడి చొక్కా గుండీ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ఇదిగో బాబూ, నాకు సన్మానాలొద్దు. ఆటు పోటు చూసుకుని రోజూ మోకాళ్ళలోతు దిగి బురద తియ్యడానికి మనుషులు కావాలి. తప్పు చేసింది మీరు కాబట్టి ముందు మీరు రండి."

మర్నాడు పొద్దున్న నీరు వెనక్కి తగ్గాక, రేవు పక్క బురదలో శాఖ మొత్తం బకెట్లతో వరసకట్టింది. పెద్దాయన రెండుసార్లు బోర్లాపడి లేచాడు. తల నుంచి కాలిదాకా ఆయన్ని చూసి ఎవరనేది ఒక్క ఏజెంటూ పోల్చుకోలేకపోయాడు. శాఖ చరిత్రలో అంత పకడ్బందీ మారువేషం ఇంకోటి లేదంటారు.