అచ్చాయమ్మకు వచ్చిన రీలు

"డబ్బాలో ఇసుక ఉందమ్మా!" అంటూ కుర్చీలో కూలబడింది సువార్తమ్మ.

రాజమండ్రిలో ప్రైవేట్ డిటెక్టివ్ ఫణిశ్రీ ఆఫీసు అది. ఆమె సహాయకుడు సత్తిరాజు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఎనభై ఏళ్ళ ఆ రిటైర్డ్ టీచరు గ్లాసు పక్కన పెట్టేసింది.

"నెమ్మదిగా చెప్పండమ్మా. ఏ డబ్బా?" అంది ఫణిశ్రీ.

సువార్తమ్మ తల్లి అచ్చాయమ్మ ఒకప్పుడు రావులపాలెం అవతల మిషన్ డాక్టరు దొరగారింట్లో ఆయా. దొరగారి కొడుకు ఆల్డెన్‌ని పొత్తిళ్ళలో నుంచీ ఆమే పెంచింది. పన్నెండో ఏట అమెరికా వెళ్ళిపోయిన ఆ పిల్లాడు అక్కడ నటుడయ్యాడు. టెలివిజన్ కొత్తగా వచ్చిన రోజులవి. హీరో వేషం ఒక్కటీ దక్కలేదు. వారం వారం ఏదో ఒక సీరియల్లో దొంగగానో హంతకుడిగానో కనిపించి, కథ ముగిసేలోగా చచ్చిపోయేవాడు. తుపాకీ దెబ్బకి, వరదలో, గుర్రం మీంచి పడి. అతని పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, మొహం మాత్రం ఆ దేశమంతటికీ తెలుసు. యాభై నిండకుండానే నిజంగానే పోయాడు. అంతకుముందే ఒక ఫిల్ము రీలు అచ్చాయమ్మ పేర పార్సిల్ చేశాడు.

"మా ఊళ్ళో దాన్ని వేసే మిషనెక్కడిదండి? అమ్మ చూడకుండానే పోయింది. నేనూ చూళ్ళేదు, ఎవరూ చూళ్ళేదు. చర్చి బీరువాలో అలా ఉండిపోయింది. ఆదివారం చర్చికి నూరేళ్ళ పండగ. విశ్వనాథ్ గారు ప్రొజెక్టర్ తెచ్చి వేస్తానన్నారు. ఇవాళ డబ్బా తీస్తే ఇదీ సంగతి."

"డబ్బా మీద ఏం రాసుంది?"

"ఆయన పేరు, మా అమ్మ పేరు. ఆయన చేతిరాతే. ఇంకేం లేదండి. నాకు కళ్ళు మసకలైపోతున్నాయమ్మా. ఉన్న చూపుతో ఒక్కసారి ఆయన్ని చూద్దామనుకున్నాను."

ఊరంతా విశ్వనాథ్‌నే అనుమానిస్తోంది. పాత ఫిల్ములు సేకరించే మనిషి, కిందటేడు ఈ రీలు కొంటానని అడిగాడు కూడా. సత్తిరాజుకూ దొంగ అతనే అనిపించింది. ఫణిశ్రీ ముందు అతని దగ్గరికే వెళ్ళింది.

"అడిగాన్లెండి, దాపరికం ఏముంది?" అన్నాడు విశ్వనాథ్. "నేనే తీస్తే డబ్బా వదిలేస్తానా మేడమ్? ఆ చేతిరాత లేకపోతే అది అసలు రీలని ఎవరు నమ్ముతారు?"

తరువాత ఫణిశ్రీ, సత్తిరాజు చర్చికి వెళ్ళారు. బీరువా తాళంచెవి పక్క గదిలో అందరికీ కనబడేలా మేకుకు వేలాడుతోంది. డబ్బాలో ఇసుక గుడ్డలో చుట్టి ఉంది, ఎత్తి చూస్తే బరువులో తేడా తెలియదు. కార్యదర్శి ఎజ్రా కుర్చీలు తెచ్చి వేశాడు. పెద్దమనిషి, మాట మెత్తన.

"మీకెవరి మీదైనా అనుమానం ఉందాండి?" అడిగింది ఫణిశ్రీ.

"లేనిపోని నిందలు నేనెయ్యనండి. అయినా పోతే పోయిందనుకోవాలి. ఆ డాక్టరుగారి చెయ్యి పడబట్టి మా తాతయ్య బతికాడు. అలాంటాయన కొడుకు మెడకి ఉరితాడేసే బొమ్మ పండగపూట పిల్లలకి చూపించడమేంటండి?"

ఫణిశ్రీ తలూపి లేచింది. బయటికొచ్చాక సత్తిరాజు ఆత్రంగా అడిగాడు. "ఏంటండి మేడమ్, ఏమైనా తెలిసిందా?"

"తెలిసింది. ఆదివారం విశ్వనాథ్ గారిని ప్రొజెక్టర్‌తో సహా రమ్మను."

ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ చర్చి హాల్లోనే కూర్చున్నారు. ఫణిశ్రీ లేచి నిలబడింది.

"రీలు అమ్ముకునేవాడు డబ్బా వదలడు. ఇసుక నింపాల్సిన పనీ లేదు. అంటే దొంగకి కావాల్సింది రీలు కాదు. పండగరోజు దాకా ఎవరికీ అనుమానం రాకూడదు, ఆ రోజు బొమ్మ పడకూడదు. అంతే. ఆ బొమ్మ ఎవరూ చూడలేదని సువార్తమ్మ గారు చెప్పారు. డబ్బా మీద రెండు పేర్లే ఉన్నాయి. మరి అందులో ఉరితాడు ఉందని ఎజ్రా గారికి ఎలా తెలిసింది?"

హాలంతా ఎజ్రా వైపు తిరిగింది.

"కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు కదండీ?" ఫణిశ్రీ గొంతులో కోపం లేదు.

"చూశానండి. ఆ దేవుడిలాంటి మనిషి పేరు పాడవుతుందని తీసేశాను. పారేద్దామంటే చెయ్యి రాలేదు." ఎజ్రా క్రిస్మస్ నక్షత్రాల పెట్టెలో నుంచి రీలు తెచ్చి సువార్తమ్మ ఒడిలో పెట్టాడు.

"మీరు బొమ్మలే చూశారు ఎజ్రా గారూ. వెలుగులో పట్టుకుంటే మాట వినపడదు," అంటూ ఫణిశ్రీ విశ్వనాథ్‌కి సైగ చేసింది.

కిటికీలు మూశారు. తెర మీద మసక మసకగా ఉరికంబం, చుట్టూ జనం. పైన నిలబడింది ఆల్డెన్, ఎవరో పరదేశి వేషంలో. అతని భాష ఆ కథలో ఎవరికీ తెలియదు. ఆఖరి మాట చెప్పుకోమన్నారు. అతను తలెత్తాడు. మొహంలో భయమంతా తుడిచేసినట్టు పోయింది.

"అచ్చాయమ్మా! ఇంటికొచ్చేత్తన్నానే. అన్నం పెట్టెయ్."

సముద్రాల అవతల, ఒక్కరికీ అర్థం కాని చోట, చచ్చిపోయే వేషంలో ఆ మనిషి తన ఊరి మాట మాట్లాడుకున్నాడు. ఫణిశ్రీ కళ్ళు తుడుచుకోవడం సత్తిరాజు మొదటిసారి చూశాడు.

సువార్తమ్మ తెరకి దగ్గరగా వెళ్ళి నిలబడింది.

"మా అమ్మ గొంతెలా ఉండేదో మర్చిపోయానండి. ఎక్కడా రికార్డు లేదు. ఆ సాగదీత మా అమ్మదే. ఆయన నోట్లో అమ్మే మాట్లాడింది."

వెనక వరసలోంచి ఎజ్రా లేచి నిలబడ్డాడు.

"విశ్వనాథ్ గారూ, ఇంకొక్కసారి వేస్తారాండి?"