మేజోళ్ళ చాటున వేసవులు

ఆ శుక్రవారం పొద్దున రోజెలిన్ ఎప్పటిలాగే రొట్టె ముక్కకి ఉప్పు వెన్న దట్టంగా రాసి, కాఫీలో ముంచుకుని తింటోంది. ఎదురుగా కూతురు నొల్వెన్. తండ్రి గిల్దాస్ పోయి ఆదివారానికి ఏడాది అవుతుందని సముద్రపు ఒడ్డునున్న పెర్రోస్ ఊళ్ళో అమ్మ దగ్గరికి వచ్చింది. చలికాలం కూడా మానకుండా సముద్రస్నానం చేసే గుంపులో ఆయనొకడు. ఆ గుంపంతా ఆదివారం పొద్దున్నే నడుము లోతు నీళ్ళలోకి నడిచి, ఆయన పేర పూలు వదలాలని అనుకున్నారు. అందరికంటే ముందు తనే నడుస్తానని రోజెలిన్ మాటిచ్చింది.

"నేను నీళ్ళలో దిగనే. గట్టు మీద నిలబడతా. పూలు నువ్వే వదులు," అందామె ఉన్నట్టుండి.

"అదేంటమ్మా! అందరికీ చెప్పుకున్నాక?"

"నడుం నొప్పి."

"నిన్న సంతంతా నన్ను పరిగెత్తించావు, ఇవాళ నడుం నొప్పా?"

కింద పడ్డ చెంచా కోసం రోజెలిన్ వంగింది. పంట్లాం అంచు పైకి జరిగి, బిగుతుగా ఉన్న మందపాటి మేజోడు కనబడింది.

"జూలై ఎండల్లో ఇవేంటి?"

"రక్తనాళాల డాక్టరు వేసుకోమన్నాడు. కాళ్ళ మీద తేలిన నరాలు కనబడకుండా ఇంజెక్షన్లు చేయించుకున్నా."

నొల్వెన్‌కి ఒళ్ళు మండిపోయింది. "నాన్న పోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే కాళ్ళకి సోకులా? ఎవరికి చూపించడానికి?"

రోజెలిన్ మేజోడు మడమ దాకా లాగేసి, కాలు కుర్చీ మీద పెట్టింది. మోకాలి నుంచి కింద దాకా గోధుమరంగు చారలు, పచ్చగా కమిలిన మచ్చలు.

"చూడవే, చూడు నా సోకు!" అందామె. "క్షౌరశాలలో బతుకంతా నిలబడ్డ కాళ్ళివి. నువ్వు పుట్టాక నీలం నరాలు సాలెగూడులా అల్లుకున్నాయి. మీ నాన్న ఏటా సముద్రంలోకి రమ్మని బతిమాలేవాడు. సిగ్గుతో ఒక్కసారీ దిగలేదు. కనీసం ఈ ఆదివారమైనా శుభ్రమైన కాళ్ళతో ఆయన దగ్గరికి వెళ్దామనుకున్నా."

"మరి ఇలా అయ్యాయేంటి?"

"సూది వేసిన నరాలు ముందు నల్లబడి, నెలల మీద మెల్లగా పోతాయట. అందుకే చలికాలంలో చేయించుకోమన్నాడు. సముద్రానికి వెళ్ళే పనుందా అని కూడా అడిగాడు. లేదని అబద్ధం చెప్పా. సూది గుచ్చగానే పోతాయనుకున్నానే, తెలివితక్కువదాన్ని."

నొల్వెన్ తల్లి పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మా, నాన్నకి తెలుసు."

"ఏం తెలుసు?"

"నీ కాళ్ళు. ఆస్పత్రిలో నాతో అన్నాడు. 'దీపం ఆర్పాకే బట్టలు మార్చుకుంటుంది పిచ్చిది, నేను చూడలేదనుకుంటుంది. తెల్లారుజామున దుప్పటి తొలిగితే కప్పేది నేనే కదా' అని."

రోజెలిన్ ముఖం పాలిపోయింది. "మరి నాతో ఎందుకు అనలేదు?"

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

"అయ్యో... ఒక్క మాట అనుంటే! ఆయన ఈదుతూ వెనక్కి తిరిగి నాకోసమే చూసేవాడే. నేను తువ్వాలు పట్టుకుని ఇసకలో కూర్చునేదాన్ని." ఆమె కూతురి తల మీద వాలి భోరున ఏడ్చింది.

నొల్వెన్ కూడా ఏడ్చింది. "నోరు జారానమ్మా, క్షమించు," అంటూ ఆ మచ్చల కాలిని ఒళ్ళోకి తీసుకుంది.

శనివారం రోజెలిన్ తనే డాక్టరుకి ఫోన్ చేసి నిజం చెప్పింది. ఆయన నాలుగు చీవాట్లు పెట్టి, ఎండ తగలకుండా కాసేపు దిగితే ఫరవాలేదన్నాడు.

ఆదివారం మబ్బు పట్టింది. గుంపంతా చూస్తుండగానే రోజెలిన్ ఒడ్డున మేజోళ్ళు విప్పింది. ఒకావిడ చూపు ఆ కాళ్ళ మీద ఆగింది. రోజెలిన్ కాళ్ళు దాచుకోలేదు. కూతురి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. చల్లటి నీళ్ళు నడుము దాకా వచ్చాక పూలు వదిలింది.

"వచ్చాను గిల్దాస్," అంది. అందరూ ఒడ్డెక్కాక కూడా తల్లీకూతుళ్ళు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.