గురి చూపించిన మచ్చ

ఇరవై మూడో మనిషిలోనూ ఆ మచ్చ అక్కడే కనిపించింది. ఎడమవైపు, కింది అంచున, చింతగింజంత.

డాక్టర్ ప్రణీత్ అద్దం గదిలోంచి చూస్తున్నాడు. అవతల ఎమ్మారై సొరంగంలో పడుకున్న వీరభద్రం గారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కాళ్ల దగ్గర రోబో సన్నని చెయ్యి చాచి, సూది గుచ్చి, నూలుపోగంత కండ తీసుకుని వెనక్కి జరిగింది.

సముద్రం పాత ఊరిని మింగాక కట్టిన కొత్త కాకినాడలో ప్రోస్టేట్ పరీక్ష అంటే ఇదే. ఆ రోబో పేరు గురి. కనిపెట్టింది ప్రణీతే. అది చేసే పని వింటే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. రోగి లోపలి బొమ్మను ఆరోగ్యవంతుడి బొమ్మ మీద పరుస్తుంది. రెంటికీ ఎక్కడ తేడా వస్తే అక్కడ సూది దింపుతుంది. వెంట్రుకవాసి కూడా తప్పదు.

గత నెల దానికి మరింత సన్నగా చూడగల కొత్త కన్ను అమర్చారు. అప్పట్నుంచే ఈ పీడ. వచ్చిన ప్రతివాడిలోనూ అదే మచ్చ. తీసిన కండలో మాత్రం ఏ జబ్బూ లేదనే ల్యాబ్ చెబుతోంది. నర్సులు ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లడం మానేశారు. ప్రణీత్ వాళ్లను కసిరాడు గానీ, నిజం చెప్పొద్దూ, ఆయనకూ భయంగానే ఉంది. కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోంది. ఇరవై మూడు పేర్లతో ఒకే మనిషి మళ్లీ మళ్లీ వచ్చి పడుకుంటున్నాడేమో అనిపిస్తోంది.

గంటలో ల్యాబ్ నుంచి కబురొచ్చింది. వీరభద్రానికీ ఏమీ లేదు.

"ఏవీ లేనిదానికి నన్నెందుకు పొడిచిందండీ?" అన్నాడు వీరభద్రం, కుర్చీ అంచున జాగ్రత్తగా కూర్చుంటూ.

"మిషన్‌లో ఏదో లోపమండీ. వెతుకుతున్నాం. చెయ్యి చూశాం, కన్ను చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి."

వీరభద్రం నవ్వాడు. "మా ఉద్యోగంలో ఒకటుందండి. సంతలో ఒక్క తరాజు తప్పు తూగితే ఆ కొట్టువాడి మీద కేసు రాస్తాం. తరాజులన్నీ ఒకేలాగ తప్పు తూగాయనుకోండి, నోరు మూసుకుని ఆఫీసుకెళ్లిపోయి మా పెట్టెలో ఉండే అసలు తూకపురాయినే తూయించుకుంటామండి. దొంగ మా దగ్గరే ఉంటాడు. ఇంతకీ మీ మిషను మమ్మల్ని ఎవరితో పోల్చి చూస్తుందండీ?"

"ఆరోగ్యవంతుడితో."

"ఎవరండీ ఆయన?"

ప్రణీత్ తెర మీద నమూనా బొమ్మ తెరిచాడు. పదకొండేళ్ల కిందట నమూనా కోసం ప్రకటన ఇస్తే, ఏ భాగమో తెలియగానే సిగ్గుపడి ఒక్క మగాడూ రాలేదు. విసుగెత్తి తనే పడుకున్నాడు. గుండ్రాయిలాంటి మనిషి, ఇంకేం కావాలి? గత నెల కొత్త కంటికీ తనే మళ్లీ పడుకుని బొమ్మ ఇచ్చాడు, అదో ముచ్చట. మచ్చ ఆ ఇరవై ముగ్గురిలోనూ లేదు. వాళ్లలో లేనిది తనలో ఉంది. ఎన్నాళ్లుగా ఉందో!

ఆ మధ్యాహ్నమే వెళ్లి సొరంగంలో పడుకున్నాడు. అద్దం గదిలో జూనియర్ డాక్టర్ లాస్య కూర్చుంది. రోబో చెయ్యి దగ్గరికొచ్చింది. ఆగింది. కొత్త కన్ను పెట్టాక మొదటిసారి, పొడవకుండానే వెనక్కి పోయింది.

"తేడా ఏమీ లేదంటోంది సార్." మైకులో అంది లాస్య. "నూటికి నూరుపాళ్లూ ఆరోగ్యవంతుడంటోంది."

"అంటుందమ్మా. నన్ను నాతోనే పోలుస్తోంది."

"నమూనా మార్చేద్దామా సార్?"

"మనిషి మారితే మళ్లీ మొదట్నుంచి నేర్వడానికి దానికి ఎనిమిది నెలలు పడుతుంది. అంతవరకు ఈ మచ్చ ఆగుతుందా?" తేడా లేనిచోట ఎవరు చెప్పినా సూది దింపకూడదని గురికి నియమం పెట్టింది కూడా ఆయనే. "నువ్వొచ్చి చేత్తో సూది వేసి కండ తీయి. ఎడమవైపు, కింది అంచున."

"నాకు రాదు సార్. గురి వచ్చాక మాకెవరికీ నేర్పలేదు."

"పోనీ ఆ పని వచ్చినవాళ్లని పిలువు. చేత్తో సూది వేసేవాళ్లు ఇంకా ఎవరున్నారు?"

లాస్య డాక్టర్ల జాబితా తిరగేస్తున్న చప్పుడు మైకులో వినిపించింది.

"మీరొక్కరే సార్."