పొంగిన మట్టి

"వేర్లూ గడ్డీ ఏరకుండా తెచ్చారేంటండీ? ఇది మట్టా, పశువుల దాణానా?"

మట్టి పరీక్షల ల్యాబ్ అబ్బాయి ఆమెతో అన్న మొదటి మాట అది. ఆమె తెచ్చిన రెండు సంచులూ బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని అతని ఎదురుగానే కూర్చుంది.

"ఇది ఎరువు వేసిన చోటిది, అది వెయ్యని గట్టు పక్కది. పదండి, ఇద్దరం ఏరుదాం."

ఏరుతూ కబుర్లలో పడ్డారు. కొండకి అవతల, వానలు దంచికొట్టే వైపు ఆమె అన్నయ్య పొలం. ఇవతల, మబ్బు మొహం చాటేసే వైపు ఆమె చేను. ఎరువు వల్ల మట్టిలో సారమిచ్చే సేంద్రియ కర్బనం పెరిగిందని తేలితే చేను ఆమె చేతిలోనే ఉంటుంది. లేకపోతే కౌలుకి పోతుంది. అన్నాచెల్లెళ్ల ఒప్పందం అది.

రిజల్ట్ చూసి ఆమె ఎగిరి గంతేసింది. ఇంతకుముందు కొలిచిన అన్నయ్య పొలం అంకెని కూడా ఆమె చేను దాటేసింది!

ఆమె వెళ్లాక అతనికి ఒకటి గుర్తొచ్చింది. మెట్ట మట్టిలో సున్నం ఉంటుంది, అందులోనూ కర్బనం ఉంటుంది. ముందే యాసిడ్‌తో దాన్ని పోగొట్టకపోతే మెషిన్ దాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది. ఆ పనే మర్చిపోయాడు.

యాసిడ్ పోసి రెండు సంచుల మట్టీ మళ్లీ కొలిచాడు. చేను అంకె సగానికి సగం పడిపోయింది. గట్టు పక్క మట్టికన్నా చిటికెడు ఎక్కువ, అంతే. ఆ చిటికెడుకి అన్నయ్య ఒప్పుకుంటాడా? చేను పోయాక ఆమె తన మొహం చూస్తుందా? యాసిడ్ సీసా, మిగిలిన చేను మట్టి సంచీ పట్టుకుని బయల్దేరాడు కానీ, ఆమె ఇంట్లో లేకపోతే బాగుండునని దారంతా కోరుకున్నాడు.

ఉంది. అన్నయ్యా ఉన్నాడు.

చేను మట్టి మీద ఒక యాసిడ్ చుక్క వేశాడు. బుసబుసా పొంగింది.

"ఆ పొంగేదంతా సున్నమండీ. ముందే యాసిడ్‌తో పోగొట్టడం మర్చిపోయి, దాన్ని కూడా లెక్కలో కలిపేశాను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంటే, పెరగనే లేదా?"

"పెరిగిందండీ, కాస్త. వాన లేని చోట మెల్లగానే పెరుగుతుంది. బాగా కనబడాలంటే పదేళ్లు పట్టొచ్చు."

"అంత ముఖ్యమైన పని ఎలా మర్చిపోయావయ్యా?" అన్నయ్య గద్దించాడు.

అతను సీసా మూత బిగించాడు. "ఆవిడ ఎదురుగా కూర్చుని నవ్వుతున్నారండీ."

అన్నయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత చెల్లెల్ని చూశాడు. ఆమె ఉన్నట్టుండి మట్టిలో రాళ్లు ఏరడం మొదలెట్టింది.

"కాస్తయినా పెరిగిందిగా. చేను ఉంచుకో," అని లోపలికి వెళ్లిపోయాడు.

"పదేళ్లూ ఎవరు కొలుస్తారు?" అందామె, తలెత్తకుండా.

"నేనే."

"అయితే యాసిడ్ పోసేదాకా నా వైపు చూడకూడదు."

"పోశాక?"

"పోశాక మీ ఇష్టం."