తేలిక అన్న మాట

పడవ మళ్ళీ మునిగింది. పదకొండోసారి.

కంట్రోలర్ తాతయ్య కుడిచేతిలోంచి జారి ఒళ్ళో పడింది. ఎడంచేత్తో దాన్ని పక్కకు నెట్టేశాడు.

"ఇంక నా వల్ల కాదమ్మా. తీసేయ్."

అప్పుడే బడినుంచి వచ్చిన పిడుగు సంచి కింద పడేసి మంచం దగ్గరికొచ్చింది. ఆ పిల్లకో చక్కటి పేరుంది, కానీ అది హాజరుపట్టీకే పరిమితం. ఇంట్లో అందరికీ పిడుగే.

తాతయ్య దర్జీ. కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేవాడు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్ళు కదలడానికి ఫిజియోథెరపీ ఆంటీ ఈ పడవ ఆట ఇచ్చింది. బటన్ నొక్కితే పడవ కదులుతుంది, రాయి అడ్డొస్తే ఆగాలి, అంతే. నిన్న వెళ్తూ ఆవిడ అమ్మతో మెల్లగా అంది, "ఆడటం మానేస్తే వేళ్ళు అలాగే బిగుసుకుపోతాయండీ." అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. పిడుగు చూసింది.

ఇప్పుడు తెరవైపు చూస్తే, మూల 'కఠినం' అని ఉంది.

"తాతయ్యా! ఆంటీ 'తేలిక' పెట్టి వెళ్ళింది కదా. ఎవరు మార్చారు?"

"నేనే."

"ఎందుకూ?"

తాతయ్య గోడవైపు తిరిగాడు. "తేలికలో ఆడేవాళ్ళు తేలిక మనుషులని నువ్వేగా అన్నావు."

అంది. నిజంగానే అంది. ఆదివారం, ఇదే గదిలో, తేలికలో ఆడుతున్న తమ్ముణ్ణి ఏడిపించాలని. "తేలిక మనిషీ! తేలిక మనిషీ!" అని చప్పట్లు కొట్టి మరీ పాడింది. నోరా అది! మంచం మీద తాతయ్య ఉన్నాడన్న ధ్యాసైనా ఉండొద్దూ?

"అది తమ్ముణ్ణి అన్నాను తాతయ్యా. నిన్ను కాదు."

"ఎవర్నంటే ఏంలే. గుండీ పెట్టుకోవడం కూడా చేతకానివాణ్ణి, నిజమేగా."

పిడుగు బతిమాలింది. 'తేలిక' పెట్టి కంట్రోలర్ చేతికిచ్చింది. తాతయ్య వేళ్ళు దుప్పటి మీద అలాగే పడి ఉన్నాయి. అమ్మ టీ తెస్తే అదీ చల్లారిపోయింది. ఆయన గోడనే చూస్తున్నాడు. అన్నమాట వెనక్కి తీసుకునే బటన్ ఏ ఆటలోనూ లేదు.

కాసేపటికి పిడుగు లేచి తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది. వాడి ఎదుటే 'తేలిక' మీద నొక్కి, ఒక్క ఎడంచేత్తో ఆడటం మొదలుపెట్టింది. కఠినానికి అలవాటుపడ్డ వేలు టకటకా కొట్టేసింది. పడవ రాయికి గుద్దుకుని మునిగింది. మళ్ళీ ఆడింది. మళ్ళీ మునిగింది. కళ్ళనిండా నీళ్ళు, తెర కనపడితేగా!

"నువ్వూ తేలిక మనిషివేనా అక్కా?" తమ్ముడు అడిగాడు.

"అవున్రా. నేనూ అంతే."

మూడోసారి మునిగాక మంచం మీంచి గొంతు వినిపించింది.

"అంత గట్టిగా బాదకే. మిషను తొక్కినట్టు, ఆగి ఆగి."

"నాకు రావట్లేదు తాతయ్యా. చూపించవూ?"

పిడుగు కంట్రోలర్ తెచ్చి ఆయన చేతి పక్కన పెట్టింది. తర్వాత కుడిచెయ్యి దుప్పటి మీద మెల్లగా జరిగింది. బొటనవేలు వణికింది, ఆగింది, మళ్ళీ వణికింది. ఎలాగో బటన్ చేరింది. పడవ బెత్తెడు దూరం కదిలి ఆగింది.

"మునగలేదు!" అన్నాడు తమ్ముడు.

తాతయ్య నుదుటి నిండా చెమట. ఆయాసపడుతూ తెర మూల ఉన్న అక్షరాలకేసి చూశాడు.

"దీన్నా తేలిక అంటారు?"

పిడుగు కంట్రోలర్ జారిపోకుండా తన రెండు చేతులూ కింద పెట్టి పట్టుకుంది.